పద్నాలుగో నిమిషం

వంతెన మధ్యలో ఇంజన్ చచ్చిపోయింది.

ఒక్క బండి మాత్రమే పట్టే వంతెన అది. మా వెనక పాల వ్యాను, దాని వెనక ఇసుక లారీ, దాని వెనక ఇంకా ఏమేం ఉన్నాయో తిరిగి చూసే ధైర్యం నాకు లేదు. హారన్లు మాత్రం చెవులు చిల్లులు పడేలా మోగుతున్నాయి. అవతలి చివర ఒక బస్సు లైట్లు కొడుతూ తొందరపెడుతోంది. స్టీరింగ్ దగ్గర అమ్మ. అమ్మ పక్కన, ఒళ్లో అట్ట, అట్ట మీద ఫారం పెట్టుకుని వాహన తనిఖీ ఆఫీసరు. వెనక సీట్లో నేను.

అమ్మ తాళం తిప్పింది. ఇంజన్ తిరిగింది గానీ అంటుకోలేదు. మళ్ళీ తిప్పింది. ఊహూ.

"ఇలా తరచూ ఆగుతుందా అమ్మా?" అన్నాడు ఆఫీసరు, కలం మూత తీస్తూ.

"ఇదే మొదటిసారండీ."

అది నిజమే. మా వీధి చుట్టూ తిప్పినన్నాళ్లూ ఒక్కసారి కూడా ఆగలేదు. నేను వాచీ చూశాను. తనిఖీ యార్డు గేటు దాటి పద్నాలుగు నిమిషాలైంది.

ఆఫీసరు దిగి, చొక్కా చేతులు మడిచి, కారు వెనక భుజం పెట్టాడు. నేనూ దిగి పక్కన చేరాను. ఇద్దరం కలిసి వంతెన దాటించేసరికి ఆయన తెల్ల చొక్కా వీపుకి అతుక్కుపోయింది.

"ఇరవై ఆరేళ్ల సర్వీసులో చాలా బండ్లని ఫెయిల్ చేశాను," అన్నాడు రొప్పుతూ. "తోసి మరీ ఫెయిల్ చేయడం మాత్రం ఇదే."

ఫారాన్ని కారు టాపు మీదే పెట్టి రాశాడు. బ్రేకులు బాగు. లైట్లు బాగు. టైర్లు బాగు. కింద ఒక్క గడిలో: ప్రయాణంలో ఇంజన్ ఆగిపోవుట. కారణం: తెలియదు.

"ముప్పై ఒకటో తారీఖు సాయంత్రం నాలుగింటి దాకా నా దగ్గరికి రావచ్చు. ఇంకొక్కసారే. కానీ ఈ 'తెలియదు' ఉన్న చోట కారణం ఏమిటో నాకు తెలియాలి, బాగుచేసిన మెకానిక్కు నా ముందు సంతకం పెట్టాలి. దానంతటది పోయిన జబ్బు దానంతటదే వస్తుంది. కారణం చెప్పలేని బండిని నేను రోడ్డు మీదికి వదలను."

పది నిమిషాలు ఆగి అమ్మ తాళం తిప్పితే ఇంజన్ ఏమీ ఎరగనట్టు లేచింది. ఆ రోజు మే తొమ్మిదో తారీఖు. మాకు మిగిలింది ఇరవై రెండు రోజులు.

*

అమ్మది బట్టలు కుట్టే పని కాదు, కుట్టు మిషన్లు బాగుచేసే పని. రెడీమేడ్ బట్టల ఫ్యాక్టరీలో పంతొమ్మిదేళ్లు నాలుగు వందల మిషన్లకి ఆవిడే మెకానిక్కు. ఆ ఏడాది మొదట్లో ఫ్యాక్టరీ మూతపడింది. మూడు నెలలు ఇంట్లో కూర్చుంది. కూర్చుంది అనడం కూడా తప్పే. గోడ గడియారం విప్పి బిగించింది, మిక్సీ విప్పి బిగించింది, పక్కింటివాళ్ల ఫ్యాను అడిగి తెచ్చుకుని మరీ విప్పి బిగించింది.

"అన్నయ్యా, జాగ్రత్త," అనేవాడు బాబాయ్ నాన్నతో. "ఇంట్లో విప్పనిది ఇక నువ్వొక్కడివే."

ఏప్రిల్లో కబురొచ్చింది. చుట్టుపక్కల పదకొండు ఊళ్లలో చిన్న కుట్టు కేంద్రాలు నడిపే కంపెనీ ఒకటి, మిషన్లన్నీ తిరిగి చూసుకునే మనిషి కోసం వెతుకుతోంది. పని అమ్మకే ఇస్తామన్నారు. షరతు ఒకటే. సొంత బండి ఉండాలి, తనిఖీ పాసైన కాగితం జూన్ ఒకటి పొద్దున చూపించాలి. లేదంటే జాబితాలో రెండో మనిషి సిద్ధంగా ఉన్నాడు. వాడికి వ్యానే ఉంది.

బాబాయ్ గ్యారేజీలో మెకానిక్కు. ఊరంతా స్పానర్ అని పిలుస్తుంది. ఆ గ్యారేజీ వెనక టైర్ల గుట్ట పక్కన నాలుగేళ్లుగా ఎవరూ అడగని పాత హ్యాచ్‌బ్యాకు ఒకటి పడుంది. తలుపు తెరిచి లోపలి అంచు చూస్తే తప్ప దాని అసలు రంగు తెలియదు. బాబాయ్ అంతకంటే మంచివి రెండు చూపించాడు. అమ్మ వాటి మొహం కూడా చూడలేదు. దీని వెనక తలుపు పైకెత్తి, మెడలో టేపు తీసి కొలిచింది.

"మిషన్ తలని పడుకోబెట్టకుండా నిలబెట్టే లోపలికి తోయొచ్చు. నూనె కారదు. నాకు ఇదే కావాలి."

బాబాయ్ బ్రేకులు, టైర్లు, క్లచ్ కేబులు మార్చి, స్వయంగా నడుపుకుంటూ మా ఇంటికి తెచ్చాడు. "నలభై నిమిషాలు వదినా! ఒక్కసారి దగ్గితే ఒట్టు."

అక్కడి నుంచి మా వరండానే వర్క్‌షాపు. నాకు డిగ్రీ పరీక్షలైపోయాయి, ఫలితాలు రాలేదు. తుప్పు గీకడం నా పని. గరుకు కాగితంతో గీకి, ఎర్రమట్టి రంగు పూసి, దాని మీద అసలు రంగు పూశాను. ముందు దీపాల మీద పసుపుపచ్చ పొర పళ్ల పేస్టు పెట్టి రుద్దితే పోతుందని కనిపెట్టాను. అమ్మ సీట్లు బయటికి లాగి, ఫ్యాక్టరీలో మిగిలిన నీలం కాన్వాసుతో తొడుగులు కుట్టింది. అంచుల్లో రెండేసి వరసల కుట్టు, స్కేలు పెట్టి గీసినట్టు. సాయంత్రాలు బాబాయ్ వచ్చి కార్బొరేటర్ విప్పి కడిగి పెట్టాడు.

నాన్న ఒక్కడే ఏ పనీ లేక మా ముగ్గురి చుట్టూ తిరుగుతుండేవాడు. నీటి సరఫరా శాఖలో ముప్పై నాలుగేళ్లు ఫిట్టరుగా చేసి అంతకు ముందు ఏడే రిటైరయ్యాడు. ఊళ్లో ఏ పైపు ఎక్కడ కారుతుందో రోడ్డు మీద చెవి పెట్టి చెప్పిన మనిషి. ఇప్పుడు రంగు డబ్బా మూత ఎక్కడుందో వెతికిపెడుతున్నాడు.

అమ్మ మూడో రోజు ఆయన్ని పిలిచింది. "ఏవండీ, వానలొస్తున్నాయి. ఈ కారు చూస్తే జల్లెడ. నీళ్లు రాకుండా చూసే పూచీ మీది."

నాన్న నడక మారిపోయింది. తను లోపల టార్చి పట్టుకుని కూర్చుని, బయటినుంచి నా చేత బకెట్లకి బకెట్లు పోయించాడు. చుక్క కనిపిస్తే చాలు, రెండు రంగుల సీలు ముద్దలు కలిపి పిసికి, అక్కడ కూరి, బొటనవేలు నీళ్లలో ముంచి ఒక్క లాగు లాగేవాడు. నున్నగా అద్దంలా, చివర ఎడమవైపు సన్నటి తోక మిగిలేది. నాలుగు రోజులు తిరిగేసరికి, ఎన్ని బకెట్లు పోసినా ఆ కారులోకి చుక్క నీరు రాలేదు. "వరండా అంతా పెట్రోలు కంపు," అని కూడా గొణుగుతుండేవాడు. ఐదో రోజు ఆ గొణుగుడూ ఆగిపోయింది. అలవాటు పడ్డాడనుకున్నాను.

*

వంతెన నుంచి ఇంటికొచ్చిన సాయంత్రం బాబాయ్ బానెట్ ఎత్తి ఇంజన్ వేశాడు. గంటసేపు అక్కడే నిలబెట్టి నడిపించాడు. ఎక్కడా ఆగలేదు.

గుమ్మంలో నాన్న చేతులు కట్టుకుని చూస్తున్నాడు. "గ్యారేజీ నుంచి వచ్చేటప్పుడు నడిచింది. తర్వాత నువ్వు ఆ కార్బొరేటర్ గిన్నె విప్పావు. ఇప్పుడు ఆగుతోంది. ఇందులో తెలియనిదేముందిరా?"

"శుభ్రం చేసి పెట్టా అన్నయ్యా, అంతే."

"శుభ్రం! నా చేతి పని మీద ముప్పై నాలుగేళ్లలో ఒక్క చుక్క కారలేదు. నువ్వు చారెడు గిన్నె విప్పి మీ వదిన పొట్ట కొట్టావు."

బాబాయ్ ఒక్కో స్పానరూ తుడిచి పెట్టెలో పెట్టుకున్నాడు. గేటు దగ్గర ఆగి, "వదినా, నీకూ నా మీదే అనుమానమా?" అన్నాడు.

"నాకు మనుషుల మీద అనుమానం రాదు అబ్బాయ్. భాగాల మీదే వస్తుంది."

బాబాయ్ మర్నాడు రాలేదు. ఆ తర్వాతా రాలేదు. పదిహేనేళ్లుగా మా ఇంట్లో టీ తాగకుండా ఇంటికెళ్లని మనిషి.

*

అమ్మ మాత్రం మర్నాడు పొద్దున్నే పనిలోకి దిగింది. చేతిలో గుడ్డల మీద గీతలు గీసే సుద్ద.

"ఫ్యాక్టరీలో దారం తెగితే అందరూ ఏం చేస్తారో తెలుసా? సూది మారుస్తారు, దారం మారుస్తారు, బిగువు మారుస్తారు. అన్నీ ఒక్కసారే. మిషన్ నడుస్తుంది. ఎందుకు నడిచిందో ఎవడికీ తెలియదు. మర్నాడు మళ్ళీ తెగుతుంది. ఒక్కసారికి ఒక్కటే ముట్టుకోవాలి."

రోజుకి ఒక్క భాగం. పొద్దున్నే ఆరింటికి దాన్ని మార్చడమో విప్పి చూడడమో చేసి, అదే రోడ్డు మీద, అదే వేగంతో వెళ్లేవాళ్లం. నేను వాచీ పట్టుకునేదాన్ని. పదమూడు, పద్నాలుగు, మహా అయితే పదిహేను. ఆగిపోయేది. పది నిమిషాలు నిలబడితే మళ్ళీ లేచేది. ఇంటికొచ్చాక అమ్మ ఆ భాగం మీద సుద్దతో టిక్కు పెట్టేది. అంటే నిర్దోషి, విడుదల.

కాయిల్ విడుదలైంది. ప్లగ్గులు విడుదలయ్యాయి. వైర్లు, డిస్ట్రిబ్యూటర్ మూత, పెట్రోలు ఫిల్టరు ఒకదాని వెనక ఒకటి బయటపడ్డాయి. ఎండకి బానెట్ మీద చెయ్యి పెడితే కాలేది. అమ్మ మాత్రం చీర కొంగు బిగించి, కళ్లజోడు ముక్కు చివరికి జార్చి, పంతొమ్మిదేళ్ల ఫ్యాక్టరీలో ఉన్నట్టే ఉంది. కోపం లేదు, కంగారు లేదు. నిజం చెప్పాలంటే ఆ మూడు నెలల తర్వాత అమ్మ మొహంలో వెలుగు చూసింది ఆ రోజుల్లోనే.

"గ్యారేజీ నుంచి వచ్చిన రోజున నడిచింది. అంటే మన వరండాలోకి వచ్చాకే ఎవరి చెయ్యో పడింది," అంది ఒకరోజు.

నేను వాచీ కింద పెట్టాను. "అమ్మా, నేను... ఇంజన్ మీద నీళ్ల పైపు పెట్టి కడిగాను. మెరవాలని."

"తెలుసు. బురద నీళ్లు వీధిదాకా పోతే తెలియదా? తడిసిన వైరైతే మొదటి నిమిషంలోనే మొరాయిస్తుంది. పద్నాలుగో నిమిషం దాకా మర్యాద చేయదు." నా చెయ్యి లాగి మణికట్టు మీద సుద్దతో టిక్కు పెట్టింది. "పో, విడుదల."

కార్బొరేటర్ కూడా విప్పింది. పేపరు పరిచి, మిషన్లు తుడిచే చిన్న బ్రష్షుతో ఒక్కో రంధ్రం చూసింది. కడిగిన ముత్యంలా ఉంది. నాన్న పేపరు చదువుతున్నట్టు నటిస్తూ చూస్తున్నాడు.

"మీ తమ్ముడి పనికి వంక పెట్టడానికి లేదండీ," అంది టిక్కు పెడుతూ.

"అయితే పంపు," అన్నాడు నాన్న.

మర్నాడు పంపూ విడుదలైంది.

*

ఇరవై ఏడో తారీఖు పొద్దున మూతపడ్డ సినిమా హాలు గోడ పక్కన ఆగాం. పద్నాలుగో నిమిషం. టిక్కు పెట్టడానికి ఇంక భాగాలు లేవు.

"పెట్రోలే అయిపోయిందేమో," అన్నాను. పెట్రోలు ముల్లు పనిచేయని బండి, ఎంతుందో పుల్ల ముంచి చూడాల్సిందే.

అమ్మ పుల్ల తీసుకుని దిగి ట్యాంకు మూత తిప్పింది. అలాగే నిలబడిపోయింది.

"విన్నావా?"

"ఏంటి?"

అమ్మ మూత పెట్టేసి వచ్చి తాళం తిప్పింది. ఇంజన్ వెంటనే లేచింది. పది నిమిషాలు కాదు కదా, ఒక్క నిమిషం కూడా మేం ఆగాల్సి రాలేదు. నేను నోరు తెరవబోతే అమ్మ చెయ్యి ఎత్తింది. "ఒక్కసారి జరిగితే లెక్కలోకి రాదు. వాచీ చూడు."

ఇంకో పద్నాలుగు నిమిషాలు. ఆగింది.

"ఈసారి నువ్వు తియ్యి. చెవి దగ్గర పెట్టి తియ్యి."

తీశాను. స్స్స్ అని గాలి, బయటికి కాదు, లోపలికి పోయింది. ఎవరో ఊపిరి బిగబట్టి, ఇక ఉండలేక ఒక్కసారిగా పీల్చుకున్నట్టు.

"పెట్రోలు బయటికి పోతుంటే దాని చోటుకి గాలి రావాలి," అంది అమ్మ మెల్లిగా. "రాకపోతే పంపు ఎంతసేపని లాగుతుంది? ఇంట్లో నిలబెట్టి నడిపితే చుక్క చుక్క తాగుతుంది కాబట్టి తెలియలేదు. రోడ్డెక్కితే గుక్కలు గుక్కలు తాగుతుంది. మూత తిరగేసి చూడు."

తిరగేశాను. మధ్యలో గాలి కోసం పెట్టిన సన్న రంధ్రం ఉండాల్సిన చోట బూడిద రంగు సీలు ముద్ద. నున్నగా, అద్దంలా. చివర ఎడమవైపు సన్నటి తోక.

పెట్రోలు కంపు ఎందుకు ఆగిపోయిందో అప్పుడర్థమైంది.

"నాన్న..." అన్నాను.

"నేను అడిగానా?" అంది అమ్మ.

చేతిసంచీలోంచి తోలు కుట్టే సూది తీసింది. గట్టు మీద కూర్చుని, ముద్దని పెచ్చు పెచ్చుగా తవ్వి, రంధ్రంలోంచి వెలుగు కనిపించేదాకా పొడిచింది. మూత బిగించి బయల్దేరాం. పద్నాలుగో నిమిషం వచ్చింది, పోయింది. ఇరవై, నలభై, గంట. ఊరు దాటి, నేనెప్పుడూ చూడని గుట్టలదాకా వెళ్లాం. అద్దాలు దించేసి, ఒక చెయ్యి కిటికీ మీద పెట్టుకుని నడుపుతున్న అమ్మని చూస్తే ఈవిడకి బండి కాదు, విమానం ఇచ్చినా విప్పి బిగించి ఎగరేస్తుందనిపించింది.

"ఇంటికెళ్లగానే నాన్నతో చెప్పేస్తా," అన్నాను. "బాబాయ్‌ని ఎన్నేసి మాటలన్నాడు!"

"నువ్వు చెబితే దొరికిపోయినట్టుంటుంది. ఆయనంతట ఆయన చెబితే చెప్పినట్టుంటుంది. రెండూ ఒకటి కాదే."

*

ఆ మధ్యాహ్నం అన్నం వడ్డిస్తూ అమ్మ మామూలుగా అంది. "ఏవండీ, బండి బాగైంది. ట్యాంకు మూతకి సన్న రంధ్రం ఒకటి ఉంటుందట, ట్యాంకు ఊపిరి పీల్చుకోవడానికి. అది మూసుకుపోయింది. తెరిచాను."

నాన్న ముద్ద నోటి దాకా వెళ్లి ఆగింది.

"ఎలా మూసుకుపోయింది?"

"ఏమో. నేను చూడలేదుగా."

నాన్న ముద్ద కిందపెట్టి చేయి కడుక్కున్నాడు. వరండాలోకి వెళ్లి కారు చుట్టూ ఒకసారి తిరిగాడు. ట్యాంకు దగ్గర ఆగాడు. మూత మీద చెయ్యి వేశాడు గానీ తీయలేదు. లోపలికొచ్చి గోడవైపు తిరిగి పడుకున్నాడు.  ఆ మర్నాడు కారుని రెండుసార్లు కడిగాడు.

అమ్మా నేనూ బాబాయ్ దగ్గరికి వెళ్లాం. ఏదో జీపు కింద ఉన్నాడు. కాళ్లు మాత్రం కనిపిస్తున్నాయి.

"సంతకం కావాలి అబ్బాయ్. ముప్పై ఒకటి, మూడింటికి."

"కారణమేంటి వదినా?" అన్నాయి కాళ్లు.

"అక్కడికి రా, తెలుస్తుంది."

బాబాయ్ బయటికి జారాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. "నీ కోసం వస్తా. కానీ కారణం చెప్పకుండా మెకానిక్కు గడిలో సంతకం పెడితే, తప్పు నాదేనని ఒప్పుకున్నట్టు. అది మాత్రం చేయలేను."

"చేయొద్దు," అంది అమ్మ.

దారిలో నాకు ఉండబట్టలేదు. "నాన్న చెప్పకపోతే? నీ పని పోతుందమ్మా. బాబాయ్‌కైనా చెప్పొచ్చుగా."

అమ్మ గేరు మార్చి రోడ్డు చూస్తూనే అంది. "చెప్పకపోతే, ఇన్నేళ్లు ఎవరితో కాపురం చేశానో తెలియలేదనుకుంటా."

*

ముప్పై ఒకటిన నాన్న పొద్దున్నే గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఎవరూ పిలవకుండానే వెనక సీట్లో నా పక్కన కూర్చున్నాడు.  యార్డులో బాబాయ్ స్తంభానికి ఆనుకుని ఉన్నాడు. అన్నదమ్ములు ఒకరి బూట్లు ఒకరు చూసుకున్నారు.

ఆఫీసరు ఈసారి చొక్కా చేతులు ముందే మడుచుకుని కూర్చున్నాడు. అమ్మ ఆయన్ని వంతెన మీదుగా తీసుకెళ్లి, తిప్పి, మళ్ళీ వంతెన మీదుగానే తీసుకొచ్చింది. ముప్పై ఐదు నిమిషాలు. దిగి, కాన్వాసు తొడుగుల కుట్టు మీద వేలు పోనిచ్చాడు.

"ఎవరు కుట్టారు?"

"నేనేనండీ."

"బాగుంది," అని షెడ్డులో తన బల్ల దగ్గరికి వెళ్లి అట్ట తీశాడు. "కారణం?"

"ట్యాంకు మూతలో గాలి రంధ్రం మూసుకుపోయిందండీ. తెరిచాం."

బాబాయ్ తల చటుక్కున లేచింది. ఆఫీసరు రాయలేదు.

"ఎలా మూసుకుపోయింది? ట్యాంకులో తుప్పు రేగి పట్టుకుందంటే ఈ వారం తెరుస్తారు, వచ్చే వారం మూసుకుంటుంది. అప్పుడు ట్యాంకు మార్చి రావాలి. చెప్పండమ్మా. తుప్పా?"

అమ్మ తల పైకెత్తి చూసింది. గోడ గడియారంలో నాలుగు కావడానికి ఎనిమిది నిమిషాలున్నాయి. ఆఫీసరు కలం బాబాయ్‌కి ఇవ్వబోయి ఆగాడు. బాబాయ్ చేతులు వెనక్కి కట్టుకున్నాడు.

నిజం నా నాలుక చివరిదాకా వచ్చింది. అమ్మ నా మణికట్టు పట్టుకుంది. పట్టు బిగువుగానే ఉంది గానీ ఆ చేతికి చెమట పట్టింది. ఆ వేసవి అంతా అమ్మ చేతికి చెమట పట్టడం నేను చూడలేదు.

కారు వెనక సీటు తలుపు తెరుచుకుంది. అంతసేపూ లోపలే కూర్చున్న నాన్న దిగి, తలుపు నెమ్మదిగా వేసి, వచ్చి బల్ల ముందు నిలబడ్డాడు.

"తుప్పు కాదండీ. ట్యాంకు బాగానే ఉంది. అది సీలు ముద్ద. వాసన వస్తోందని ఒకరు కూరారు."

"ఎవరు?"

నాన్న ఆఫీసరు వైపు చూడలేదు. బాబాయ్ వైపు తిరిగాడు.

"వీడి అన్నయ్య," అన్నాడు. "నేనే."